మిట్ట ఎక్కని కారు వల్ల లోకానికి కలిగే మేళ్ళు

దుత్తలూరు మిట్ట కింద, నడిరోడ్డు మీద నిలబడి, నలుగురూ వినేటట్టు రామనారాయణ నాకు ఒక నిజం చెప్పినాడు. ఆ ద్రోహాన్ని నేను ఈ జన్మలో మరిచిపోను.

అబద్ధం చెప్పి ఉంటే సహించేవాణ్ణి. అబద్ధాలు మా రెండు ఇళ్ళకూ కొత్త కాదు. వాళ్ళ తాత మా తాతకు చెప్పినాడు. వాళ్ళ నాయన మా నాయనకు చెప్పినాడు. మేమూ ఊరికే ఉండలేదు, తిరిగి చెప్పినాం. అంతా మర్యాదగా జరిగిపోయింది. వీడొక్కడే ఆచారం తప్పినాడు. నిజం చెప్పి నా చేను పోగొట్టినాడు!

ఆ సంగతికి వస్తాను. ముందు లోకానికి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి.

పాత పెట్రోలు కారు పెట్టుకొని, ఇంజిను లాగడం లేదని కుమిలిపోయే అయ్యలారా! యాక్సిలరేటరు తొక్కితే బండి ముందుకు పోకుండా దగ్గుతోందా? చదునులో పెండ్లికొడుకు మాదిరి నడిచి, మిట్ట కనపడగానే ముసలి దున్న మాదిరి నిలబడిపోతోందా? దానికి ఏం జబ్బో కనుక్కోవాలని మెకానిక్కుల చుట్టూ తిరుగుతున్నారా? తిరగవద్దు! మీ అంత అదృష్టవంతులు ఈ జిల్లాలో లేరు. లాగని ఇంజిను దేవుడు పిలిచి ఇచ్చిన వరం.

ఈ మాట చెప్పడానికి నీకేం అర్హత అంటారా? చదువంటే నాలుగో క్లాసు. అది కూడా పూర్తిగా కాదు. కానీ నా కారు చాలా చదువుకుంది. యుద్ధానికి ముందు ఒక దొర దగ్గర పనిచేసింది. తరువాత ఒక జమీందారు దగ్గర, ఆయన తరువాత ఒక ప్లీడరు దగ్గర, ఆ పిమ్మట ఒక టెంటు సినిమావాడి దగ్గర. అందరి దగ్గరా నేర్చుకోవలసింది నేర్చుకొని, ఎవరి దగ్గరా లాగనని తేల్చుకొని, ఆఖరికి నా దగ్గర చేరింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బాడుగకు తోలుతున్నాను. తోలుతున్నాను అనడం నా గొప్ప. ఎన్నోసార్లు తోసినాను.

ఇక మేళ్ళు వినండి.

నా కారు కింద పడి ఇంతవరకు ఒక్క కోడి చచ్చింది లేదు. కొత్త కార్లవాళ్ళు ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకొని అనగలరా? నా కారు వస్తుంటే కోళ్ళు పారిపోవు. ఒక పెట్ట అయితే మడ్‌గార్డు ఎక్కి కూచొని, తన ఇల్లు వచ్చినాక దిగిపోయింది. గొర్రెల మంద అడ్డం వస్తే హారను కొట్టే పని లేదు. మంద వెనకనే పోతాను. తొందర ఉన్న మందలయితే నన్ను దాటుకొని పోతాయి.

మనిషికి మనిషికి మధ్య ప్రేమ కూడా ఇటువంటి బండి వల్లనే పెరుగుతుంది. బస్సులో పక్కవాడి మొహం కూడా చూడరు. నా కారు మిట్ట ఎక్కేటప్పుడు పక్కన నడిచిపోయేవాడు సైతం కిటికీ మీద చెయ్యి వేసుకొని కష్టసుఖాలు చెప్పుకుంటాడు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగి జలదంకిలో పుట్టింటికి పోయింది, కలువాయిలో ఏ చెరువు తెగింది, అన్నీ తెలుస్తాయి. ఒక మిట్ట మీద అడుగున మొదలుపెట్టిన పెండ్లి మాటలు పైకి పోయేసరికి ఖాయమైనాయి. తాంబూలాలు మాత్రం దిగేటప్పుడు పుచ్చుకొన్నారు.

చుట్టాలు కారు అడగరు. ఇది సామాన్యమైన మేలు కాదు! మా బావమరిది ఒకసారి 'కారు ఒక్కరోజు ఇయ్యి బావా' అని తీసుకుపోయినాడు. మరుసటి రోజు ఎద్దులు కట్టి లాక్కొచ్చి వాకిట్లో పెట్టి, మంచినీళ్ళు కూడా అడక్కుండా పోయినాడు. ఆనాటి నుంచి మా ఇద్దరి మధ్య గౌరవం పెరిగింది.

అన్నిటికన్నా పెద్ద మేలు, విద్యావ్యాప్తి. మనిషికి జబ్బు చేస్తే చూడడానికి ఇద్దరో ముగ్గురో వస్తారు. కారుకు జబ్బు చేస్తే ఊరు ఊరంతా వస్తుంది. వచ్చినవాడల్లా వైద్యుడే. బడిపంతులు చూసి, 'మంటకు గాలి కావాలి, ఇది సైన్సు. దీనికి గాలి చాలడం లేదు' అన్నాడు. బానెట్టు ఊడదీసి నెల రోజులు తోలినాను. గాలి బాగా తగిలింది, నా మొహానికి. నాటు వైద్యుడు పొగ వాసన చూసి 'పైత్యం' అన్నాడు. రిటైరైన హెడ్ కానిస్టేబులు అయితే, 'దీనికి భయం లేదు, అదే దీని జబ్బు' అని లాఠీతో సైలెన్సరు మీద ఒక్కటి వేసినాడు. ఇంత తుప్పు రాలింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టినారు. బండి మాత్రం పాత నడకే నడిచింది.

ఇందరి మాటా విన్నాను. ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. అది పెట్రోలు.

మా వైపుకు పెట్రోలు టిన్నుల్లో వస్తుంది. టిన్ను అడుగున తుప్పు ఉంటుంది, నీళ్ళు ఉంటాయి. మద్రాసు డ్రైవర్లు మెత్తని తోలులో పోసి వడగడతారని ఎవరో చెప్పినారు. తోలులో పెట్రోలు దిగుతుందట, నీళ్ళు దిగవట. మాకు ఆ తోలు ఎక్కడిది? మాకున్నది గొంగడి. మా గొర్రెల బొచ్చు, మావాళ్ళు వడికింది, మావాళ్ళు నేసింది. వానలో కప్పుకొని మంద వెనక నిలబడితే లోపలికి చుక్క దిగదు. మనిషి మీద వాననీళ్ళు ఆపే గొంగడి, గరాటులో పెట్రోలు నీళ్ళు ఆపదా?

ఆపింది! గొంగడి ముక్క గరాటులో వేసి పెట్రోలు పోస్తే, నీళ్ళు పైనే ముత్యాల మాదిరి నిలబడేవి. నేను పొంగిపోయినాను. అప్పటి నుంచి టిన్ను ఎక్కడిదైనా సరే, గొంగడిలో వడగట్టందే చుక్క పెట్రోలు నా కారు గొంతు దిగలేదు. ముక్క చివికితే ఇంకో ముక్క కోసేవాణ్ణి.

'కప్పుకొనే గొంగడి కోసి కారుకు పెడతావా, రేపు వానొస్తే నేను కారు కప్పుకోవాల్నా?' అని మా ఆడమనిషి ఆదిశేషమ్మ సణిగేది. ఆడవాళ్ళకు మెకానిజం తెలియదు కదా.

ఇక చేను సంగతి.

ఆత్మకూరు తాలూకాలో, రోడ్డు వారగా, మా అమ్మ పుట్టినూరి పొలిమేరలో సర్కారు బంజరు ఉంది. మా నాయన అందులో రాళ్ళు ఏరి, కంప కొట్టి, సాగులోకి తెచ్చినాడు. సజ్జ, కొర్ర, ఉలవ పండేది. పట్టా లేదు. పట్టా లేకుండా దున్నుకున్నందుకు సర్కారుకు కట్టే శివాయిజమా ఏటేటా కడుతూ వచ్చినాం. నాయన పోయినాక నేను పట్టాకు దరఖాస్తు పెట్టి, అందులో బావి తవ్వించినాను. బండ పగిలి నీళ్ళు పడినాయి. నీళ్ళు పడిన నెలలోనే ఆ బంజరు తనకు ఇప్పించమని రామనారాయణ కూడా దరఖాస్తు పెట్టినాడు.

రామనారాయణ ఎవరంటారా? ఊరి వరసకు నాకు అల్లుడు. మామా అని నోరారా పిలుస్తాడు. యస్‌.యస్‌.యల్‌.సి. దాకా చదివినాడు. యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసే చోట గుమస్తాగిరీ చేసి, చేతికి గడియారంతో తిరిగొచ్చినాడు. కారు లేదు, బండి లేదు, సొంత పొలం సెంటు లేదు. ఇటువంటివాళ్ళతో చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం. ఆత్మకూరులో జమాబందీ, అంటే ఏటేటా సర్కారు ఆఫీసరు వచ్చి భూముల లెక్కలు తేల్చే కచేరీ. మా ఇద్దరి దరఖాస్తులూ ఆ పూట తేలతాయని కబురొచ్చింది. ఆఫీసరు ముందర పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు 'ఉన్నానయ్యా' అని పలకాలి. పలికితే, ముందునుంచీ దున్నుతున్నవాడి మాట ముందు వింటారని కరణం చెప్పినాడు. ముందునుంచీ దున్నుతున్నది ఎవరు? నేను. పలకకపోతే? రెండోవాడి పేరు పిలుస్తారు. అంటే నేను చేయవలసిన పనల్లా ఆ పొద్దు అక్కడ ఉండి నోరు తెరవడం. నోరు తెరవడంలో నన్ను మించినవాడు రెండు తాలూకాల్లో ఉన్నాడా?

తెల్లవారి నేను హ్యాండిలు తిప్పుతుంటే ఆదిశేషమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఈ ఒక్క పొద్దూ బస్సుకు పో."

"కారు పెట్టుకొని బస్సుకు పోయేదేందే?"

"కారును నువ్వు పెట్టుకోలా. అదే నిన్ను పెట్టుకోనుండాది. చేను పోతే ఏం తింటావు, పెట్రోలు తాగుతావా?"

బయలుదేరేటప్పుడు ఆడవాళ్ళు మాట్లాడే మాటలు ఇవి! హ్యాండిలు ఇంకోసారి తిప్పినాను. ఇంజిను అంటుకుంది. చదునులో దాని గొంతు ఎంత కమ్మగా ఉంటుందని!

ఊరి బయట రామనారాయణ నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, గడియారం, చంకలో గొడుగు.

"మామా, ఆత్మకూరుకేనా? నన్నూ ఎక్కించుకో. పోయేది ఒక చోటికే కదా."

మీరయితే ఏం చేసేవాళ్ళు? పోరా అని పోయేవాళ్ళు. నేను నాలుగో క్లాసు వాణ్ణయినా అంత తెలివితక్కువవాణ్ణి కాదు. వాడు బస్సులో వస్తే నాకంటే ముందు పోవచ్చు. నా కారులోనే కూచుంటే? నేను ఎప్పుడు చేరితే వాడూ అప్పుడే చేరతాడు. స్టీరింగు నా చేతిలో, వాడు నా వెనక సీటులో. ఇంతకంటే భద్రమైన చోటు పగవాడికి ఎక్కడ దొరుకుతుంది?

"ఎక్కు అల్లుడా" అన్నాను.

ముందు సీటులో అప్పటికే కామయ్య ఉన్నాడు. కామయ్య మా ఊరి మెకానిక్కు. అతనిది యుద్ధకాలపు విద్య. పెట్రోలు దొరకని రోజుల్లో బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో ఇంజిను నడిపేవాళ్ళు. ఆ పొయ్యి ఊదినవాడు కామయ్య. యుద్ధం ముగిసింది, ఇంగ్లీషువాడు పోయినాడు, పొయ్యిలు పోయినాయి. కామయ్య అనుమానం మాత్రం పోలేదు. ఏ ఇంజినుకు ఏం వచ్చినా 'బూడిద చేరుకొన్నాదన్నా' అంటాడు. పెట్రోలు బండిలో బూడిద ఎక్కడిదిరా అంటే, 'అదే నాకూ అంతు చిక్కలా' అంటాడు.

వెనక రామనారాయణ పక్కన తిరుపాలమ్మ అనే ముసలామె. ఆత్మకూరులో కూతురికి నెప్పులు మొదలైనాయని కబురొస్తే పోతోంది. ఒళ్ళో మూట.

దుత్తలూరు మిట్ట వచ్చింది. రెండో గేరు వేసినాను. బండి ఒకసారి నిట్టూర్చింది. మొదటి గేరు వేసినాను. కార్బురేటరు లోపల టప్పుమని ఒక తుమ్ము తుమ్మి నిలబడిపోయింది. చోకు లాగితే ఒక్కసారి ప్రాణం వచ్చి నాలుగు బారలు పోయింది. మళ్ళీ నిలబడింది.

"దిగండి" అన్నాను.

"ఎక్కినప్పుడే దిగేదానికి తయారుగా ఉండాను నాయనా" అని తిరుపాలమ్మ అందరికన్నా ముందు దిగింది.

కామయ్య బానెట్టు ఎత్తి లోపలికి తొంగిచూసినాడు. "అన్నా, బూడిద."

అప్పుడు రామనారాయణ గొడుగు మడిచి దగ్గరికి వచ్చినాడు. రోడ్డు మీద పోయే ఇద్దరు ముగ్గురు కూడా అప్పటికి నిలబడినారు.

"మామా, ఒక మాట చెబుతా, కోప్పడవు కదా?"

"చెప్పు."

"చదునులో బాగా వచ్చినాది. మిట్టలోనే గసపోస్తా ఉండాది. చోకు లాగితే లేస్తా ఉండాది. అంటే దానికి పెట్రోలు చాలట్లా. నువ్వు గొంగడిలో వడగడతావు గదా, ఆ బొచ్చు పోయి కార్బురేటరు జెట్టులో ఇరుక్కోనుంటాది. జెట్టు ఇప్పి ఒక్కసారి ఊదు. చుట్ట కాల్చేంతసేపటి పని."

ఇదీ ఆ నిజం!

పాఠకులారా, మీరే న్యాయం చెప్పండి. వాడు నా చేనుకు పోటీదారు. నాకు ఆలస్యమైతే లాభం వాడికి. అటువంటివాడు నడిరోడ్డున నిలబడి 'కార్బురేటరు ఇప్పు మామా' అంటే దాని అర్థమేమిటి? ఇప్పొద్దు అని కాదా? చిన్న చిన్న స్క్రూలు, కింద ఇసక, పైన గాలి. ఒక్కటి జారి పడితే సాయంత్రం దాకా ఇసక జల్లించుకుంటూ కూచోవాలి. పైగా మా గొంగడిని అంటాడా! బుద్ధి ఉన్నవాడు ఎవడైనా అప్పుడు ఏం చేస్తాడు? కార్బురేటరు ఒక్కటి వదిలిపెట్టి, మిగిలిందంతా ఇప్పుతాడు. నేనూ అదే చేసినాను.

ప్లగ్గులు ఇప్పినాను. ఇసకతో తోమినాను. మొహం చూసుకోవచ్చు, అంత తెల్లగా వచ్చినాయి. పెట్టి హ్యాండిలు తిప్పితే ఇంజిను అంటుకుంది, మిట్ట దగ్గర నిలబడింది. పాయింట్లు చూసినాను. అగ్గిపెట్టె గీసే పక్కతో రుద్దినాను. అంటుకుంది, నిలబడింది.

"ఎద్దు నడవకపోతే మేము గిట్టలు చూస్తాం నాయనా" అన్నది తిరుపాలమ్మ.

ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు నచ్చింది? ఆమెకు జమాబందీలో దరఖాస్తు లేదు. నిస్వార్థమైన సలహా. బ్రేకు పట్టేసిందేమో అని నాలుగు చక్రాలూ ఒకటొకటిగా జాకీ మీద లేపి తిప్పి చూసినాను. గిర్రున తిరిగినాయి. గాలిలో ఉన్నంతసేపూ నా బండికి ఏ జబ్బూ లేదు.

ఈలోగా కామయ్య కిందికి దూరి సైలెన్సరు ఊడదీసినాడు. కర్ర పెట్టి పొడిచి, "అన్నా, దొరికింది!" అని అరిచినాడు. అందరం వంగినాం. కందిరీగ కట్టిన మట్టి గూడు, చింతగింజంత. "బూడిద కాకపోయినా బూడిద వంటిదే" అన్నాడు కామయ్య. మళ్ళీ బిగించినాం. అంటుకుంది. నిలబడింది.

రామనారాయణ మైలురాయి మీద కూచొని గడియారం చూసుకుంటున్నాడు. "జెట్టు మామా, జెట్టు" అని మధ్యమధ్యలో అంటూనే ఉన్నాడు. ఎన్నిసార్లు అన్నాడో అన్నిసార్లూ నా పట్టుదల పెరిగింది.

అప్పుడు బస్సు వచ్చింది.

దుమ్ము లేపుకుంటూ వచ్చి మా పక్కన నిలబడింది. తిరుపాలమ్మ మూట ఎత్తుకుంది. "నీ బండి మంచిదే నాయనా. కానుపే ఆగదు" అని ఎక్కేసింది. రామనారాయణ ఎక్కి, బస్సు తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాచినాడు.

"రా మామా. చోటుండాది. బండిని కామయ్య చూసుకుంటాడు. పేరు పిలిచే యాళకు లేకపోతే చెడిపోతావు. ఇద్దరం కలిసి పోదాం, ఎవరికి రాసిపెట్టుంటే వాళ్ళకు వస్తాది."

ఆ బస్సులో ఉన్నవాళ్ళంతా ఒకప్పుడు నా గిరాకీలు. బస్సు ఎక్కేవాడూ ఒక మనిషేనా అని వాళ్ళందరికీ నేనే చెప్పి ఉన్నాను. ఇప్పుడు వాళ్ళ మధ్య, రామనారాయణ జరిగి ఇచ్చిన చోటులో, ఆయిలు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూచోవాలా? కిటికీల నిండా మొహాలు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఎక్కేవాణ్ణేమో. ఎక్కమని జాలిగా చూసినారు.

"నువ్వు పోరా. నీకంటే ముందు నేనుంటా అక్కడ" అన్నాను.

బస్సు పోయింది. దుమ్ము చాలాసేపు పోలేదు.

కామయ్యకు అప్పుడు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. "అన్నా, అన్ని గేర్లలోకీ బలమైంది రివర్సు. వెనక్కు ఎక్కిద్దాం." బండిని తిప్పినాం. ఉదయగిరి వైపు మొహం, ఆత్మకూరు వైపు వీపు పెట్టి, చోకు లాగి పట్టుకొని, మెడ వెనక్కు తిప్పి మిట్ట ఎక్కడం మొదలుపెట్టినాను. ఎక్కింది! నత్త మాదిరి ఎక్కింది గాని ఎక్కింది. కామయ్య వెనక నడుస్తూ, ఆగినప్పుడల్లా చక్రానికి రాయి వేస్తూ వచ్చినాడు. ఎదురుగా గొర్రెల కాపరి ఒకడు మంద దించుకుంటూ వచ్చి నిలబడినాడు.

"ఓబులన్నా, వస్తా ఉండావా, పోతా ఉండావా?"

"పోతా ఉండారా!"

"మొహం చూస్తే వస్తా ఉన్నట్టుండాదే!"

వాడికి సమాధానం చెప్పే తీరిక లేదు. మిట్టలన్నీ వెనక్కు ఎక్కినాను, చదునులన్నీ ముందుకు పోయినాను. అటువంటి ప్రయాణం దొర చేయలేదు, జమీందారు చేయలేదు, ఈ జిల్లాలో నేనొక్కణ్ణే చేసినాను.

ఆత్మకూరు చేరేసరికి పొద్దు బాగా వాలింది. జమాబందీ పందిరి బయట జనం పలచబడినారు. రామనారాయణ పరుగున వచ్చి నా చేతిలో గోలీసోడా పెట్టినాడు.

"తాగు మామా. మొహం ఎట్టా వాడిపోయిందో చూడు."

"పిలిచినారా?"

"పిలిచినారు. పలకలా. మళ్ళీ పిలిచినారు. నేనే లేచి చెప్పినా, అయ్యా, ఆయన వస్తా ఉండాడు, దోవలో ఉండాడు, కాస్త ఆగండి అని."

"నువ్వు చెప్పినావా?"

"ఎందుకు చెప్పను మామా! 'ఎందులో వస్తా ఉండాడయ్యా ఇంతసేపు' అని అడిగినాడు ఆఫీసరు. చెప్పినా."

"ఏం చెప్పినావురా?"

"ఉన్న మాటే. సొంత కారులో అని."

సోడా బుడ్డి తిరిగి వాడి చేతిలోనే పెట్టినాను.

"ఆయన నవ్వినాడు మామా. 'సొంత కారు ఉన్నవాడికి సర్కారు బంజరు ఎందుకయ్యా? సెంటు లేనివాడు ఎవడైనా ఉన్నాడా?' అన్నాడు. నా పేరు పిలిచినారు."

చూసినారా! ఒకే పొద్దులో రెండు నిజాలు. మనిషి అన్నవాడు చేసే పనా ఇది? పందిరిలోకి ఉరికినాను. అప్పటికి వేరే ఊరి దరఖాస్తులు నడుస్తున్నాయి. నేను నోరు తెరిచినాను. ఇందాక చెప్పినాను కదా, అందులో నన్ను మించినవాడు లేడని. బిళ్ళ బంట్రోతు నా ఆయిలు చేతులు చూసి, గోడ ముట్టుకోవద్దన్నాడు. అంతకంటే మాట ముందుకు పోలేదు.

కారు దగ్గరికి వచ్చి కూచున్నాను. ఇంక తొందర దేనికి? స్క్రూ జారితే జారనీ, ఇసకలో పడితే పడనీ అని కార్బురేటరు ఇప్పినాం. జెట్టు తీసి వెలుతురుకు పెట్టినాడు కామయ్య. సూదిబెజ్జమంత రంధ్రం. అందులో నల్లటి బొచ్చు, పిల్లి మీసమంత, సుడి తిరిగి కూచొని ఉంది. మా గొర్రెదే. రంగు చూసి ఏ గొర్రెదో కూడా చెప్పగలను.

కామయ్య నా మొహం చూడకుండా, "బూడిద కాదన్నా" అన్నాడు. ఊదినాడు. పోయింది.

తిరుగు ప్రయాణంలో ఆ ఇంజిను లాగిన లాగుడు ఏమని చెప్పేది! దొర కాలంలో కూడా అంత లాగి ఉండదు. మిట్టలన్నీ పై గేరులో, చోకు ముట్టుకోకుండా, దగ్గకుండా, తుమ్మకుండా ఎక్కేసింది. కామయ్య కారు తలుపు పట్టుకొని "అబ్బ, అబ్బ" అంటున్నాడు. అంత గొప్ప కారు నా దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

దీపాలు పెట్టే వేళకే ఇంటికి చేరినాను. ఇంజిను చప్పుడు దూరం నుంచే విని ఆదిశేషమ్మ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆ మొహంలో అంత సంతోషం నేను చానా ఏండ్లుగా చూడలేదు.

"ఏంది, ఇంత జోరుగా వచ్చినావు! పట్టా ఇచ్చినారా?"

ఇంజిను ఆపినాను. ఆమె కాసేపు కారు వంక చూసి, కాసేపు నా చేతుల వంక చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టి లోపలికి పోయింది. బస్సు మాట ఎత్తలేదు. ఈనాటి వరకు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేనూ నాలుగు అని ఉందును.

కాబట్టి అయ్యలారా, మీ ఇంజిను లాగకపోతే జబ్బు ఏమిటో వెతకవద్దు. వెతికితే దొరుకుతుంది. దొరికితే బాగవుతుంది. బాగైన కారు ఎంత చెడ్డదో మీకు తెలియదు.

నేను ఇప్పటికీ ఆ రోడ్డు మీదనే తోలుతున్నాను. గిరాకీ పెరిగింది. ఓబులయ్య కారు గాలి మాదిరి పోతుందని చెప్పుకుంటున్నారు. ఒక్కటే కష్టం. ఆత్మకూరుకు ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు వారన ఆ చేను వస్తుంది. రామనారాయణ మిరప పెట్టినాడు. బాగా పెట్టినాడు, లేదనను. బావి దగ్గర ఎద్దులు కట్టి, నీళ్ళు తోడే కపిల తోలుతుంటాడు. నా కారు కనపడగానే తాడు ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి ఎత్తి, "మామా, బాగా లాగుతా ఉండాదా?" అని కేక వేస్తాడు.

వెనక బాడుగ మనుషులు. ఆపడానికి వీల్లేదు. మునుపయితే ఆ పక్కగా పోయేటప్పుడు బండి ఈడ్చుకుంటూ, దగ్గుకుంటూ పోయేది. నాయన ఏరి పోసిన రాళ్ళ కుప్పలు ఒక్కొక్కటే చూసుకునేవాణ్ణి. గట్టు మీద పాదు చూసేవాణ్ణి. బావి దరి చూసేవాణ్ణి. ఇప్పుడు 'బాగా లాగుతా ఉండాదిరా' అని జవాబు చెప్పి నోరు మూసేలోపల దాటిపోతుంది. నీళ్ళున్న బావితో సహా, అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా, మొత్తం నాలుగు ఎకరాల పదహారు సెంట్లు.